అప్పు తెచ్చాం సరే, తీర్చేదెప్పుడు? లెక్కలంటే జంకే ప్రాథమిక ఉపాధ్యాయుల గురించి

కొరుక్కుపేట శిక్షణార్థి:
అందరికీ నమస్కారం. నేను చెన్నైలో ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ కోర్సు అయిన డీఎల్‌ఎడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. బోధనాభ్యాసంలో భాగంగా మొన్న మూడో తరగతికి మూడంకెల తీసివేత చెప్పవలసి వచ్చింది. ముందురోజు రాత్రి పాఠ్య ప్రణాళిక రాసుకుని, బోర్డు మీద వేయబోయే లెక్కలన్నీ మూడేసిసార్లు చేసి చూసుకున్నాను. అయినా 302లోంచి 178 తీసేయాలని రాసి పిల్లల వైపు తిరిగేసరికి, అరచేతికి పట్టిన చెమటకు సుద్దముక్క జారిపోసాగింది. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి పక్కింటికి అప్పుకు వెళ్దామన్నాను, పక్కింట్లో సున్నా ఉంది కాబట్టి ఆ పై ఇంటికి వెళ్దామన్నాను. మూడు కొట్టేసి రెండు వేశాను, సున్నా కొట్టేసి తొమ్మిది వేశాను, రెండు పక్కన ఒకటి చేర్చి పన్నెండు చేశాను. అప్పుడు మొదటి వరుసలోని ఒక పాప లేచి, "మిస్, ఆ కడన్ ఎప్పుడు తిరిగి ఇస్తాం?" అని అడిగింది.

కడన్ అంటే తమిళంలో అప్పు. ఆ పాప వేళాకోళానికి అడగలేదు. ఇంట్లో అప్పు అనే మాట ఎలా వినబడుతుందో, తీర్చకపోతే ఏమవుతుందో తెలిసిన పిల్ల అడిగినట్టే అడిగింది. నాకు జవాబు తెలియదు. సున్నా తొమ్మిది ఎందుకైందో కూడా నాకు తెలియదన్న సంగతి ఆ క్షణంలోనే నాకు తెలిసింది. "అది రూలు, అంతే" అని చెప్పి, బోర్డు తుడిచేసి, లెక్కను ఐదుసార్లు రాయమన్నాను.

పదో తరగతి తరువాత లెక్కలు లేని గ్రూపు ఎక్కడుందో వెతుక్కుని మరీ చేరినదాన్ని. చిన్నపిల్లలకు చెప్పేది కూడికలూ తీసివేతలే కదా అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పి ఈ శిక్షణలో చేర్పించారు. ఈ భయంతో ఈ వృత్తిలో ఉండవచ్చునా అన్నది నా ప్రశ్న. దయచేసి ఓదార్పు కోసం జవాబు చెప్పకండి.

రాయపురం పంతులమ్మ:
అమ్మా, మీరు రెండో సంవత్సరంలోనే అడిగారు. నేను పందొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతూ ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు. మా బడిలో నాలుగు, ఐదు తరగతుల లెక్కలు నా వంతు వచ్చినప్పుడల్లా, సహోద్యోగితో మాట్లాడుకుని ఆమె భాషా పాఠాలు నేను తీసుకుని నా లెక్కలు ఆమెకు ఇస్తూ వచ్చాను. ఆమెకు తమిళ వ్యాకరణమంటే విసుగు, నాకు భిన్నాలంటే వణుకు, ఇద్దరికీ గిట్టుబాటయింది. ఆమె బదిలీ అయిన ఏడాది నేను ఐదో తరగతి భిన్నాల పాఠాన్ని సంవత్సరం చివరికి నెట్టి, రెండు పీరియడ్లలో ముగించాను. ఆ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఎదురైతే ముందు నాకు గుర్తొచ్చేది ఆ రెండు పీరియడ్లే.

ఇప్పుడు తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, పదవీ విరమణకు ఐదేళ్లకు పైగా మిగిలిన ఉపాధ్యాయులు రెండేళ్లలోగా టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) ఉత్తీర్ణులు కావాలి. నలభై అయిదేళ్ల వయసులో నేను కోచింగ్‌కు వెళ్తున్నాను. అక్కడ చెప్పేవన్నీ అడ్డదారులే. ఎందుకు అని అడిగితే, మేడమ్, పరీక్షలో ఎందుకు అని ఉండదు అంటారు. అంటే నేను ఏ గుంటలో పడి ఉన్నానో దాన్నే ఇంకాస్త లోతు చేసుకోవడానికి డబ్బు కడుతున్నానన్నమాట.

విశ్రాంత మాస్టారు:
ముప్పై ఆరేళ్లు కార్పొరేషన్ బడుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా మాట కాస్త కటువుగా ఉంటే క్షమించాలి. దీనికి ఆందోళన అని పెద్ద పేరు పెట్టి సానుభూతి చూపడం నాకు సమ్మతం కాదు. ఇరవై ఎక్కాలు కంఠతా వచ్చి, రోజుకు పది లెక్కలు చేసే అలవాటు ఉన్నవాడికి సుద్దముక్క జారదు. అసలు లోపం ఎంపికలో ఉంది. టెట్ మొదటి పేపరు 150 మార్కులకు జరుగుతుంది, అందులో లెక్కలకు 30, జనరల్ అభ్యర్థులకు అరవై శాతం అంటే 90 వస్తే ఉత్తీర్ణత. లెక్కల్లో సున్నా వచ్చినా మిగిలిన 120లో 90 తెచ్చుకుంటే చాలు, అర్హత వచ్చినట్టే. లెక్కలు రాని వ్యక్తి లెక్కలు చెప్పవచ్చునని పరీక్షే ఒప్పుకుంటున్నప్పుడు, పిల్ల అడిగిన ప్రశ్నకు టీచరు దగ్గర జవాబు లేకపోవడంలో ఆశ్చర్యమేముంది? ప్రతి విషయానికీ విడిగా కనీస మార్కులు పెట్టాలి. ఈ అమ్మాయి నొచ్చుకోకూడదు, నిజాయితీగా అడిగింది కాబట్టి నిజం చెబుతున్నాను.

తరమణి పరిశోధకురాలు:
మాస్టారూ, మీరు చెప్పిన మార్కుల లెక్క సరైనదే. కానీ అభ్యాసం చాలకపోవడమే భయానికి కారణమన్న మాట మాత్రం నిలవదు. ఈ విషయం మీద పరిశోధన కొత్తది కాదు. 1954లోనే మేరీ గాఫ్ అనే అమెరికన్ ఉపాధ్యాయిని దీనికొక పేరు పెట్టి వ్యాసం రాశారు. 1972లో రిచర్డ్‌సన్, స్యూన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 98 ప్రశ్నలతో దీన్ని కొలిచే సాధనం తయారుచేశారు. 2001లో ఆష్‌క్రాఫ్ట్, కర్క్ ప్రచురించిన ప్రయోగాలు మన సుద్దముక్క సంగతికి బాగా దగ్గరగా ఉంటాయి. ఒక లెక్క చేస్తున్నప్పుడు మధ్యలో వచ్చిన అంకెలను మనం తలలో కాసేపు పట్టి ఉంచుకుంటాం. ఆ చోటు చాలా చిన్నది. భయం ఉన్నవారిలో "తప్పు చేస్తానేమో, చూస్తున్నారేమో" అనే ఆలోచన ఆ చోటులోనే వచ్చి కూర్చుంటుంది. అందుకే చేతిలో ఒకటి ఉంచుకుని పైకి తీసుకుపోవలసిన కూడికల దగ్గర వారు ఎక్కువగా తడబడ్డారు. ఇంట్లో మూడుసార్లు సరిగ్గా చేసిన లెక్క తరగతిలో చెదిరిపోవడానికి ఇదొక కారణం. దాన్ని బద్ధకం అనలేం.

అయితే ఉపాధ్యాయుల భయాన్ని వారి సొంత గొడవగా వదిలేయడానికీ వీలులేదు. 2010లో సియాన్ బైలాక్ బృందం అమెరికాలో ఒకటి, రెండు తరగతులకు చెప్పే 17 మంది ఉపాధ్యాయినులనూ, వారి దగ్గర చదివే 65 మంది బాలికలనూ, 52 మంది బాలురనూ ఏడాది పాటు పరిశీలించింది. ఏడాది మొదట్లో పిల్లల లెక్కల స్థాయికీ టీచరు భయానికీ సంబంధం కనబడలేదు. ఏడాది చివరికి, లెక్కలంటే ఎక్కువ భయపడే టీచర్ల దగ్గర చదివిన బాలికల్లో ఎక్కువమంది "లెక్కలు మగపిల్లలకు బాగా వస్తాయి, ఆడపిల్లలకు చదవడం బాగా వస్తుంది" అనే నమ్మకానికి వచ్చారు. అలా నమ్మిన బాలికలే లెక్కల్లో వెనకబడ్డారు. మగపిల్లల మీద ఆ ప్రభావం కనబడలేదు. పదిహేడు మంది అనేది చిన్న సంఖ్యే, అదీ వేరే దేశంలో. దాన్ని మన బడులకు యథాతథంగా అంటగట్టకూడదు. అయినా, "అది రూలు, అంతే" అన్న మాటతో పాటు మన ముఖంలో ఏం కనబడుతుందో మొదటి వరుస పిల్లలు చూస్తారని మాత్రం మరిచిపోకూడదు.

అన్నానగర్ నాన్న:
నేను ఉపాధ్యాయుణ్ణి కాను, రెండో తరగతి చదివే ఆడపిల్ల తండ్రిని. పైన రాసింది చదివాక నిద్ర పట్టలేదు. టీచర్లు తమ భయం పోగొట్టుకునేదాకా నా కూతురు ఎదురుచూడాలా? రోజూ రాత్రి ఇంట్లో నేనే కూర్చోబెట్టి లెక్కలు చెబుతున్నాను, అరుస్తున్నాను కూడా, ఆ తరువాత బాధపడుతున్నాను. నాకూ చిన్నప్పుడు లెక్కలు సరిగా రావు.

తరమణి పరిశోధకురాలు:
అయితే ఈ సంగతి కూడా చెప్పాలి, కోపగించుకోకండి. 2015లో వచ్చిన మరో అధ్యయనంలో, లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచుగా సాయం చేసిన పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నట్టు తేలింది. అంతగా సాయం చేయని చోట ఆ తేడా కనబడలేదు. అరిచే పక్షంలో నోటుపుస్తకం మూసేసి, పాపను కూరగాయల దుకాణానికి తీసుకువెళ్లి చిల్లర లెక్కపెట్టమనండి.

వ్యాసర్పాడి తెలుగు మీడియం:
భయం ఎక్కడ మొదలవుతుందో వెతికేటప్పుడు మన చెన్నై తెలుగువాళ్ల విషయంలో ఇంకొకటి చూడాలి. నేను ఐదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆరులో తమిళ మాధ్యమానికి మారాను, ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమంలో పాఠాలు చెబుతున్నాను. తమిళంలో తొంభైని తొణ్ణూరు అంటారు. నూరు అంటే వంద అని ఇంట్లో నేర్చుకున్న పిల్లకు ఆ మాట చివర వంద వినబడుతుంది. తొమ్మిది వందలను తొళ్ళాయిరం అంటారు, దాని చివర వెయ్యి వినబడుతుంది. ఆరో తరగతి మొదటి వారంలో మాస్టారు తొణ్ణూత్తి రెండు, అంటే తొంభై రెండు, అని చెబితే నేను పలక మీద 902 అని రాశాను. నిజానికి ఈ చిక్కు తమిళ పిల్లలకూ ఉంటుంది, కాకపోతే వాళ్లు ఆ మాట వింటూ పెరుగుతారు. నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టారు. నాకు స్థానవిలువ తెలుసు, భాష తెలియదు. కానీ తరగతి మొత్తానికీ, చివరికి నాకూ కూడా, లెక్కలు రాని పిల్లనని స్థిరపడిపోయింది. పదిహేనేళ్ల తరువాత శిక్షణలో చేరినప్పుడు, గణిత బోధన పీరియడ్ అంటే ఆ బెంచీయే గుర్తొచ్చేది.

ఇప్పుడు నా తరగతిలో తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్నారు. తప్పు జవాబు వస్తే ముందుగా "నువ్వు ఏ సంఖ్య విన్నావు?" అని అడుగుతాను. సగం తప్పులు అక్కడే తేలిపోతాయి.

విశ్రాంత మాస్టారు:
ఆ బెంచీ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనూ పిల్లలను బెంచీ ఎక్కించినవాణ్ణే.

మూడో తరగతి పాప ప్రశ్నకు వస్తాను. అక్కడ అప్పు అనే మాటే తప్పు. మేమంతా అలాగే చెప్పాం, తమిళంలోనూ కడన్ అనే అంటారు, కానీ అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. మీ దగ్గర మూడు వంద నోట్లూ రెండు రూపాయి బిళ్లలూ ఉన్నాయనుకోండి. దుకాణదారుకు 178 ఇవ్వాలి. ఒక వంద నోటును మార్చి పది పదిరూపాయల నోట్లు తెచ్చుకుంటారు. వాటిలో ఒక పది నోటును మళ్లీ మార్చి పది రూపాయి బిళ్లలు తెచ్చుకుంటారు. ఇప్పుడు మీ చేతిలో రెండు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు ఉన్నాయి, మొత్తం ఇప్పటికీ 302 రూపాయలే. సున్నా తొమ్మిది అయింది ఇందువల్లే. పది పదుల్లో ఒకదాన్ని విడగొట్టారు, తొమ్మిది మిగిలాయి. అందులోంచి వంద, ఏడు పదులు, ఎనిమిది ఒకట్లు ఇచ్చేస్తే 124 మిగులుతుంది. చిల్లర మార్చుకున్నవాడు ఎవరికీ బాకీ పడడు. ఆ పాపకు ఇది చెప్పండమ్మా.

రాయపురం పంతులమ్మ:
మాస్టారూ, పందొమ్మిదేళ్లలో ఈ సంగతి నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. ఇలాంటివి ఏటా జరిగే శిక్షణ తరగతుల్లో ఎందుకు చెప్పరు? అక్కడ మాకు కార్డులు, కిట్లు, వర్క్‌బుక్కులు ఇచ్చి, వాటిని ఏ వరుసలో వాడాలో చెప్పి పంపిస్తారు. నాకు పది పదుల కట్టలు ఇచ్చారు, వాటిని విప్పితే ఏమవుతుందో నాకే తెలియదని ఎవరూ అనుకోలేదు.

తరమణి పరిశోధకురాలు:
మీరు అడిగినదాంట్లోనే జవాబు ఉందండి. మన దగ్గర పద్ధతులకు కొదవ లేదు. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ విద్యాసంస్థ వాళ్లు పల్లె బడుల కోసం తయారుచేసుకున్న కార్డుల పద్ధతిని చూసి, చెన్నై కార్పొరేషన్ బడులు దాన్ని తెచ్చుకున్నాయి, తరువాత అది రాష్ట్రమంతా వ్యాపించింది. 2022లో చిన్న తరగతుల కోసం "ఎణ్ణుం ఎళుత్తుం" (అంకె, అక్షరం) అనే ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది. రాయపురంలోనే, మీ బడికి దగ్గరలోనే, పి.కె. శ్రీనివాసన్ అనే లెక్కల మాస్టారు 1993లో నెలకొల్పిన రామానుజన్ మ్యూజియం ఉంది. ఆయన జీవితమంతా పిల్లల చేతికి కాగితాలూ పుల్లలూ ఇచ్చి లెక్కలు చెప్పినవారు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక కోసం గణిత బోధనపై నివేదిక రాసిన బృందానికి అధ్యక్షుడు అప్పట్లో మా తరమణిలోని గణితశాస్త్ర సంస్థలో పనిచేస్తున్న ఆర్. రామానుజం. ఆ నివేదిక గుర్తించిన ప్రధాన సమస్యల్లో మొట్టమొదటిది, పిల్లల్లో అత్యధికులకు గణితమంటే ఉన్న భయం, ఓడిపోయామన్న భావన. ఉపాధ్యాయులకు తగిన తయారీ, అండ లేకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. ఈ రెండూ నిజానికి ఒకే సమస్య అని నా అభిప్రాయం. మొదటిదానిలోని పిల్లలే పెరిగి పెద్దవాళ్లై రెండోదానిలో టీచర్లుగా కనబడతారు.

ఒక ప్రయోగం చేద్దామా? 1999లో లిపింగ్ మా ప్రచురించిన పరిశోధనలో అమెరికా, చైనా ప్రాథమిక ఉపాధ్యాయులను ఒక లెక్క అడిగారు. ఒకటిముప్పావును అరతో భాగించండి, ఆ లెక్కకు సరిపోయే కథ ఒకటి చెప్పండి. 72 మంది చైనా ఉపాధ్యాయులూ లెక్క సరిగ్గా చేశారు, అమెరికన్లలో సగం మంది కూడా చేయలేకపోయారు. ఇక్కడ ఎవరైనా ప్రయత్నిస్తారా? మార్కులు లేవు.

విశ్రాంత మాస్టారు:
ఇందులో ఏముంది? భాగించే భిన్నాన్ని తలకిందులు చేసి గుణిస్తే మూడున్నర. కథ: ఒకటిముప్పావు కిలోల పంచదార ఉంది, దాన్ని ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?

రాయపురం పంతులమ్మ:
నాకు మూడుంబావు వచ్చింది, ఎందుకో తెలియడం లేదు. పంచదారనే అరకిలో పొట్లాలు కట్టాననుకున్నాను. మూడు పొట్లాలయ్యాయి, పావుకిలో మిగిలింది. కాబట్టి మూడుంబావు.

కొరుక్కుపేట శిక్షణార్థి:
మాస్టారూ, చిన్నదాన్ని, తప్పయితే దిద్దండి. మీ కథలో ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి కిలో కంటే తక్కువే వస్తుంది కదా? జవాబు మూడున్నర ఎలా అవుతుంది? అది అరతో భాగించడం కాకుండా, రెండుతో భాగించడం అయిందేమో అనిపిస్తోంది.

రాయపురం మేడమ్ కథే సరైనదనుకుంటున్నాను. మిగిలింది పావుకిలోనే, కానీ మనం లెక్కపెడుతున్నది కిలోలు కాదు, పొట్లాలు. పావుకిలో అంటే సగం పొట్లం. అందుకని మూడున్నర పొట్లాలు. ఇది రాయడానికి నాకు గంట పట్టింది, వంటింట్లోకి వెళ్లి గ్లాసులతో బియ్యం కొలిచి చూశాను.

విశ్రాంత మాస్టారు:
అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ముప్పై ఆరేళ్లు నేను తలకిందులు చేసి గుణించమనే చెప్పాను, తప్పు జవాబు ఒక్కసారి రాలేదు. అందుకే నాకు అర్థం తెలియదన్న విషయం నాకు తెలియకుండా పోయింది. ఎక్కాలు కంఠతా రావాలన్న మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడే ఉన్నాను. విడిగా కనీస మార్కులు పెట్టాలన్న మాట గురించి ఇంకోసారి ఆలోచిస్తాను, ఎందుకంటే ఆ పరీక్షలో నాకు ముప్పైకి ముప్పై వచ్చి ఉండేవి.

మరొక సంగతి. మీకు చెమట పట్టింది కాబట్టి ఇక్కడికి వచ్చి అడిగారు. నాకు ఎప్పుడూ పట్టలేదు, నేను ఎవరినీ అడగలేదు.

రాయపురం పంతులమ్మ:
సగం పొట్లం! ఇప్పుడు అర్థమైంది. మా బడిలో నలుగురం ఉన్నాం. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు వెళ్లాక అరగంట కూర్చుని ఇలాంటి లెక్క ఒక్కటి చేద్దామని ఇవాళ అడిగాను. ఒకరు నవ్వారు, ఇద్దరు సరే అన్నారు. టెట్ కోచింగ్ మానలేను, అది ఉద్యోగం కోసం.

తరమణి పరిశోధకురాలు:
పరీక్ష రోజు కోసం ఒక చిన్న సూచన. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిదో తరగతి పిల్లలు జీవశాస్త్రం పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించే కాగితం మీద రాసుకున్నారు. పరీక్షలంటే ఎక్కువ కంగారుపడే పిల్లల మార్కులు దానివల్ల మెరుగుపడ్డాయి. హాలు బయట గైడు తిరగేసే బదులు ఇది చేసి చూడవచ్చు, ఖర్చేమీ లేదు.

కొరుక్కుపేట శిక్షణార్థి:
నిన్న అదే తరగతికి మళ్లీ వెళ్లాను. ఆటనోట్లు కత్తిరించి తీసుకువెళ్లాను. మొన్న తప్పు చెప్పానని, ఆ ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు తెలియదని ముందే చెప్పాను. వెనక కూర్చున్న గైడ్ టీచర్ తలెత్తి చూశారు, తరువాత పరిశీలన పుస్తకంలో "తెలియదని పిల్లల ముందు చెప్పకూడదు" అని రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. పిల్లలు ఇద్దరిద్దరుగా వంద నోటు మార్చుకుని 178 చెల్లించారు. మొదటి వరుస పాప తన దగ్గర మిగిలినదాన్ని రెండుసార్లు లెక్కపెట్టుకుని, "అయితే ఇది కడన్ కాదు, మన డబ్బే" అంది.

అక్కడితో అయిపోలేదు. చేతిలోని రూపాయి బిళ్ల చూపించి, "మిస్, దీన్ని కూడా పదిగా మార్చవచ్చా?" అని అడిగింది. అరచేతులకు మళ్లీ చెమట పట్టింది. ఈసారి బోర్డు తుడవలేదు. ప్రశ్నను ఒక మూల రాసి, సోమవారం చూద్దామన్నాను.

విశ్రాంత మాస్టారు:
పాప అడిగినవి దశాంశాలు, మూడో తరగతిలోనే! రూపాయికి పది పదిపైసల బిళ్లలు వచ్చేవి. 2011లో అవి చెల్లకుండా పోయినప్పుడు మార్చడం మరిచిపోయి, మా ఇంట్లో ఒక పాత పౌడర్ డబ్బా నిండా ఉండిపోయాయి. సోమవారంలోగా ఎవరినైనా పంపమ్మా, డబ్బాతో సహా ఇచ్చేస్తాను.